హైడ్రోస్టాటిక్ ప్రెజర్ బటన్ ఎక్కడుంది? ఆన్సిస్ మెకానికల్ రిబ్బన్‌లో రెండు రోజులుగా వెతుకుతున్నా

వైనతేయ_తీరం
ఫైనలియర్ ప్రాజెక్టుకి మా ఊరి కాలువ మీద లాకుల పక్కనుండే తూము షట్టర్ ఒకటి తీసుకున్నాను. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, 10 ఎంఎం ప్లేటు, వెనక అరమీటరుకి ఒకటి చొప్పున అడ్డంగా 150 ఎంఎం ఛానెళ్లు. నీళ్లు నిండా ఉన్నప్పుడు అది ఎంత వంగుతుందో ఆన్సిస్ మెకానికల్‌లో (బలాలకి వస్తువు ఎంత వంగుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చూడాలి, అంతే పని. జామెట్రీ అయిపోయింది, మెష్ (షట్టర్‌ని లెక్క కోసం చిన్న ముక్కలుగా విడగొట్టడం) కూడా పడింది. లోడు దగ్గర, అంటే లోతుతో పాటు పెరిగే నీటి ఒత్తిడి (హైడ్రోస్టాటిక్ ప్రెజర్) పెట్టే దగ్గర ఆగిపోయాను. మా ల్యాబ్‌లో ఇచ్చిన జిరాక్సు నోట్సులో పైన టూల్‌బార్‌లో లోడ్స్ నొక్కి హైడ్రోస్టాటిక్ ప్రెజర్ ఎంచుకోమని బొమ్మతో సహా ఉంది. నా స్క్రీన్ మీద ఆ టూల్‌బారే లేదు. ఫైల్, హోమ్, మెష్, డిస్‌ప్లే, సెలెక్షన్, ఆటోమేషన్ అని ట్యాబులున్న రిబ్బన్ ఉంది. ఒక్కో ట్యాబ్ తెరిచి, ఒక్కో బొమ్మ మీద మౌస్ పెట్టి పేరు చదివి, నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఫోర్స్ లేదు, ప్రెజర్ లేదు, ఫిక్స్‌డ్ సపోర్ట్ లేదు. స్టూడెంట్ వెర్షన్ కాబట్టి తీసేశారా? రివ్యూ శుక్రవారం. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ధవళేశ్వరం_07
స్టూడెంట్ వెర్షన్‌లో లోడ్లు తీసెయ్యరమ్మా. దానికి హద్దు నోడ్లు, ఎలిమెంట్ల (మెష్‌లోని బిందువులు, ముక్కల) సంఖ్య మీద ఉంటుంది. పాత వాటిలో 32 వేలు ఉండేది, తర్వాత 1,28,000 చేశారు. నీ షట్టర్‌కి అది చాలా ఎక్కువ. బటన్ ఉంది, ఎక్కడో ఉంది.

మెష్_మంగతాయారు
జవాబు నీ పోస్టులోనే ఉంది చెల్లీ. ట్యాబుల పేర్లు వరసగా రాశావు కదా, మూడోది "మెష్" అన్నావు. అంటే ఎడమ పక్క అవుట్‌లైన్ ట్రీలో నువ్వు మెష్ మీద నొక్కి వదిలేశావు. ఆ మూడో ట్యాబ్ ఎప్పుడూ ఒకటే ఉండదు. ట్రీలో మోడల్ మీద నొక్కితే అది మోడల్ ట్యాబ్ అవుతుంది, జామెట్రీ మీద నొక్కితే జామెట్రీ, మెష్ మీద నొక్కితే మెష్. ఇప్పుడు వెళ్లి ట్రీలో కింద స్టాటిక్ స్ట్రక్చరల్ అన్న వరస మీద ఒక్కసారి నొక్కు. మూడో ట్యాబ్ పేరు ఎన్విరాన్‌మెంట్‌గా మారి, అందులో స్ట్రక్చరల్ అనే గుంపులో ఫిక్స్‌డ్, ఫోర్స్, ప్రెజర్ అన్నీ కనిపిస్తాయి. హైడ్రోస్టాటిక్ వెంటనే కనబడకపోతే ఆ గుంపు పక్కనున్న చిన్న బాణం నొక్కు, మిగతావన్నీ కిందికి జారతాయి.

వైనతేయ_తీరం
వచ్చేసింది!! మంగతాయారు గారూ, రెండు రోజులండీ. రెండు రోజుల నుంచి పైనే చూస్తున్నాను, ఎడమ పక్కకి చూడాలని తట్టలేదు.

పాత_టూల్‌బార్
అసలు రిబ్బన్ జోలికే వెళ్లక్కర్లేదు. ట్రీలో స్టాటిక్ స్ట్రక్చరల్ మీద కుడి బటన్ నొక్కు, ఇన్సర్ట్ అను, మొత్తం పేర్లతో వరసగా వస్తాయి, హైడ్రోస్టాటిక్ ప్రెజర్‌తో సహా. ఇది పాత వెర్షన్లలోనూ అంతే, ఇప్పుడూ అంతే. 2019 ఆర్2లో మెకానికల్‌కి రిబ్బన్ వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరూ వారం రోజులు బటన్లు వెతుక్కుంటూ కూర్చున్నారు, నాకు మాత్రం ఒక్క గంట కూడా పని ఆగలేదు. కుడి బటన్ నేర్చుకున్నవాడికి వెర్షన్ మారినా దిగులుండదు.

కాకినాడ_క్యాడ్
పాత_టూల్‌బార్ గారితో నేను ఒప్పుకోను. కొత్తగా నేర్చుకునే పిల్లలకి కుడి బటన్ మెనూ ఇస్తే అందులో పాతిక ముప్పై పేర్లు ఒకే వరసలో, ఒకే సైజులో ఉంటాయి. ఏది దేనికి చుట్టమో తెలియదు. రిబ్బన్‌లో సపోర్టులు ఒక చోట, లోడ్లు ఒక చోట, బొమ్మ చూస్తే సగం అర్థమవుతుంది. నేను ఆటోక్యాడ్ చెబుతాను, అక్కడ 2009 వెర్షన్‌తో రిబ్బన్ వచ్చింది, 2015కి క్లాసిక్ వర్క్‌స్పేస్ తీసేశారు. అప్పుడు పాతవాళ్లందరూ ఇదే గొడవ చేశారు. అక్కడ రిబ్బన్‌క్లోజ్ అని టైప్ చేస్తే పోతుంది, రిబ్బన్ అని కొడితే తిరిగి వస్తుంది. చాలామంది మూసేశారు. ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చే పిల్లలకి రిబ్బన్ లేని ఆటోక్యాడ్ చూపిస్తే పాడైపోయిందా సార్ అని అడుగుతారు.

పాత_టూల్‌బార్
ఆటోక్యాడ్‌లో కమాండ్ టైప్ చేసే దారి ఉంది కాబట్టి రిబ్బన్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇక్కడ కుడి బటనే ఆ దారి. నా మాట ఇంతే. బొమ్మలు వెర్షన్‌కో రకంగా మారతాయి, పేరు మారదు. హైడ్రోస్టాటిక్ ప్రెజర్ అన్న పేరు ఎన్నేళ్లయినా హైడ్రోస్టాటిక్ ప్రెజరే.

మెష్_మంగతాయారు
ఇద్దరి మాటలోనూ ఒకటే ఉంది, గమనించండి. రిబ్బన్ వాడినా కుడి బటన్ వాడినా ముందు ట్రీలో సరైన వరస పట్టుకోవాలి. మెష్ మీద కుడి బటన్ నొక్కి ఇన్సర్ట్ అంటే సైజింగ్, మెథడ్ వస్తాయి, ఫోర్స్ రాదు. నేను హైదరాబాదులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు బటన్లు చూపించను. ట్రీలో పైనుంచి కిందకి ఒక్కో వరస మీద నొక్కుతూ రమ్మంటాను, నొక్కిన ప్రతిసారీ పైన ఏం మారిందో నాకు చెప్పమంటాను. పావుగంట పని. ఆ పావుగంట తర్వాత బటన్ ఎక్కడా అని అడిగినవాళ్లు తక్కువ.

భీమవరం_ఏరేటర్
మాది ఆక్వా చెరువులకి ఏరేటర్లు చేసే చిన్న షాపు. ప్యాడిల్ వీల్ చేతులు వెల్డు దగ్గర తెగుతున్నాయని మా అబ్బాయి చేత సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాను. మొదటిసారి ఫలితం చూసి నాకు గుండె జారింది. బ్రాకెట్ కొడవలిలా వంగిపోయి కనిపించింది. ఆ డిజైన్ మొత్తం పక్కన పడేద్దామనుకున్నాం. తీరా చూస్తే వంగింది మిల్లీమీటరులో సగం కూడా లేదు, బొమ్మ మాత్రం పెద్దది చేసి చూపిస్తోంది. సొల్యూషన్ కింద ఫలితం మీద నొక్కితే పైన రిజల్ట్ అనే ట్యాబ్ వస్తుంది, అందులో ఆటో స్కేల్ అని ఒక డబ్బా ఉంటుంది. దాన్ని ట్రూ స్కేల్ చేస్తే అసలు సంగతి కనిపిస్తుంది. అమ్మాయ్, నువ్వు కూడా షట్టర్ వంగిన బొమ్మ చూసి భయపడకు, ముందు ఆ డబ్బా చూసుకో.

చిన్నతెర_ల్యాప్‌టాప్
నాది ఇంకో బాధ. మంగతాయారు గారు చెప్పినట్టు ట్రీలో నొక్కాను, ట్యాబ్ మారింది, కానీ నాకు బొమ్మలు లేవు. స్ట్రక్చరల్ అని ఒకే ఒక్క పేరు, దాని కింద బాణం. పక్కవాడి సిస్టమ్‌లో అన్నీ పరుచుకుని ఉన్నాయి. ఇద్దరిదీ ఒకటే వెర్షన్.

ధవళేశ్వరం_07
స్క్రీన్ 1366 బై 768 కదా? విండోస్‌లో అక్షరాల స్కేలింగ్ 125 గానీ 150 గానీ పెట్టావా?

చిన్నతెర_ల్యాప్‌టాప్
అవునండీ, 150. ఎలా తెలిసింది?

ధవళేశ్వరం_07
ల్యాబ్‌లో నలభై సిస్టమ్‌లు చూసుకునేవాణ్ణి, ఇది వారానికి ఒకసారి వచ్చే కేసు. రిబ్బన్‌కి చోటు చాలకపోతే గుంపులు ముడుచుకుపోతాయి. ముందు పేర్లు పోయి బొమ్మలు మిగులుతాయి, ఇంకా ఇరుకైతే గుంపు మొత్తం ఒక్క బాణం కిందకి వెళ్తుంది. బటన్లు ఎక్కడికీ పోలేదు, గొడుగు ముడిచినట్టు ముడుచుకున్నాయి. స్కేలింగ్ 100 చెయ్యి, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరువు, విండో పూర్తిగా పెద్దది చెయ్యి. అక్షరాలు చిన్నవై కళ్లు నొప్పి పుడితే టీవీకి హెచ్‌డీఎంఐ తీగ పెట్టుకో. మా దగ్గర పిల్లలు హాస్టల్ టీవీకి పెట్టుకుని ప్రాజెక్టులు చేశారు.

చిన్నతెర_ల్యాప్‌టాప్
పరుచుకున్నాయి. థ్యాంక్సండీ. ఇన్నాళ్లూ నా లైసెన్సే తేడా అనుకున్నాను.

వైనతేయ_తీరం
మళ్లీ నేనే. లోడు పెట్టాను, సాల్వ్ కూడా అయింది, కానీ ఏదో ఘోరంగా తప్పింది. ఏరేటర్ గారు చెప్పినట్టు ట్రూ స్కేల్ పెట్టాను. షట్టర్ స్క్రీన్‌లోంచే మాయమైపోయింది. టోటల్ డిఫర్మేషన్ మాక్సిమమ్ దగ్గర 4.1 ఇంటూ 10 పవర్ 8 మిల్లీమీటర్లు అంటోంది. అంటే 410 కిలోమీటర్లు కదా??

భీమవరం_ఏరేటర్
అమలాపురంలో షట్టర్ దింపితే హైదరాబాదు దాకా వంగిందన్నమాట. ఇది స్కేల్ సంగతి కాదమ్మా, లెక్కలోనే ఏదో పడింది.

మెష్_మంగతాయారు
యూనిట్లు. హైడ్రోస్టాటిక్ ప్రెజర్ మీద నొక్కి కింద డీటెయిల్స్‌లో ఫ్లూయిడ్ డెన్సిటీ దగ్గర ఏముందో, దాని పక్కన యూనిట్ ఏముందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టు.

వైనతేయ_తీరం
1000 అని ఉంది. పక్కన కిలో పర్ ఎంఎం క్యూబ్ అని ఉంది. అయ్యో. నోట్సులో ఆ గీత దగ్గర జిరాక్సు మసకబారింది, నీటి సాంద్రత 1000 కదా అని నేనే వేసేశాను. గురుత్వం మాత్రం నోట్సులో 9806.6 అని స్పష్టంగా ఉంది, అదే వేశాను.

మెష్_మంగతాయారు
అదే సంగతి. ఘనమీటరుకి 1000 కిలోలంటే ఘన మిల్లీమీటరుకి 10 పవర్ మైనస్ 6 కిలోలు. నువ్వు నీటిని వంద కోట్ల రెట్లు బరువెక్కించావు. లెక్క లీనియర్ (లోడు ఎన్ని రెట్లైతే వంగుడూ అన్ని రెట్లు) కాబట్టి వంగుడు కూడా సరిగ్గా వంద కోట్ల రెట్లు పెరిగింది. 410 కిలోమీటర్లని వంద కోట్లతో భాగిస్తే 0.41 ఎంఎం, అదే రావాలి. ఇప్పుడు హోమ్ ట్యాబ్‌లో యూనిట్స్ అని ఉంటుంది, అక్కడ మీటరు, కిలో, న్యూటన్ ఉన్న వరస ఎంచుకో. ఒక్క జాగ్రత్త. యూనిట్ మార్చగానే నీ తప్పు అంకె కూడా నమ్మకంగా మారి కూర్చుంటుంది, 1000 కాస్తా 10 పవర్ 12 అవుతుంది. దాన్ని చెరిపి 1000 మళ్లీ వెయ్యాలి. గురుత్వం 9.8066గా దానంతటదే మారుతుంది, ముట్టుకోవద్దు.

స్టాడ్_రాజుగారు
పాలకొల్లు నుంచి. ఇదంతా చదువుతున్నాను, ఒక్క మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్ తెరవక ముందే అడుగున ఒత్తిడి ఎంతో కాగితం మీద వేసుకోండి. 1000 ఇంటూ 9.81 ఇంటూ 3, అంటే 29,430 పాస్కల్స్, 0.0294 ఎంపీఏ (మెగాపాస్కల్స్). ట్రీలో హైడ్రోస్టాటిక్ మీద నొక్కినప్పుడు బొమ్మ మీద రంగులు పడతాయి కదా, అడుగున ఈ అంకె ఉందా, పైన నీటి మట్టం దగ్గర సున్నా ఉందా, చూసుకోండి. తలకిందులుగా ఉంటే దిశ గుర్తు తప్పింది. ఈ ఒక్కటి చూసుంటే 410 కిలోమీటర్ల దాకా వెళ్లేది కాదు. మొత్తం బలం కూడా చేతితో వస్తుంది. సగం ఇంటూ 1000 ఇంటూ 9.81 ఇంటూ 3 స్క్వేర్ ఇంటూ 2 మీటర్ల వెడల్పు, 88,290 న్యూటన్లు. దగ్గర దగ్గర 9 టన్నులు. సపోర్టుల దగ్గర రియాక్షన్ (సపోర్టు తిరిగి తోసే బలం) నీటి దిశలో అంతే రావాలి.

వైనతేయ_తీరం
రాజుగారూ, రియాక్షన్ చూడాలంటే ఏ ట్యాబ్?

పాత_టూల్‌బార్
ఏ ట్యాబూ వద్దు. ట్రీలో నువ్వు పెట్టిన సపోర్టును మౌస్‌తో పట్టుకుని కిందకి లాగి సొల్యూషన్ మీద వదిలెయ్యి. ఫోర్స్ రియాక్షన్ అని తయారవుతుంది. కుడి బటన్ నొక్కి ఎవాల్యుయేట్ చెయ్యి.

కాకినాడ_క్యాడ్
ఇది నాకూ తెలియదు. సొల్యూషన్ మీద నొక్కి పైన ప్రోబ్ కోసం వెళ్లేవాణ్ణి. ఈ ఒక్కదానికీ పాత_టూల్‌బార్ గారికి దండం.

వైనతేయ_తీరం
అడుగున 0.0294 వచ్చింది. రియాక్షన్ 88,290కి కాస్త తేడాతో సరిపోయింది. వంగుడు 0.41 ఎంఎం. ఇక సరిపోయినట్టే కదా? రిపోర్టు రాసుకోవచ్చా?

స్టాడ్_రాజుగారు
ఆగమ్మా, 0.41 నాకు తక్కువనిపిస్తోంది. అడుగు ఛానెల్ తీసుకుందాం. అరమీటరుకి ఒకటి కాబట్టి ఎక్కువలో ఎక్కువ 29.43లో సగం, మీటరుకి 14.7 కిలోన్యూటన్లు దాని మీద పడతాయి. 150 ఎంఎం ఛానెల్‌కి ఇనర్షియా (వంగకుండా నిలిచే గుణం) సుమారు 779 సెంటీమీటర్ పవర్ 4. రెండు పక్కలా ఆనుకుని ఉన్న 2 మీటర్ల దూలంలా లెక్కేస్తే 5 డబ్ల్యూ ఎల్ పవర్ 4 బై 384 ఈఐ (డబ్ల్యూ మీటరుకి లోడు, ఎల్ పొడవు, ఈ ఉక్కు గట్టిదనం, ఐ ఇనర్షియా), నాకు 1.97 ఎంఎం వచ్చింది. ప్లేటు కూడా ఛానెల్‌తో కలిసి బరువు మోస్తుంది, అడుగు ఛానెల్‌కి నిజంగా అంత లోడూ పడదు, కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో 1.97 కంటే తగ్గాలి, నిజమే. కానీ 0.41కి దిగదు. అదే చివరలు రెండూ బిగించేసిన దూలమైతే వంగుడు సరిగ్గా ఐదో వంతు, 0.39. నీ అంకె దాని పక్కన కూర్చుంది. పక్క అంచులకి ఏ సపోర్టు పెట్టావు?

వైనతేయ_తీరం
ఫిక్స్‌డ్ సపోర్ట్ పెట్టాను. ఎన్విరాన్‌మెంట్ ట్యాబ్ తెరవగానే అదే మొదట కనిపించింది, నోట్సులో కూడా అన్ని ఉదాహరణలకీ అదే ఉంది.

మెష్_మంగతాయారు
రిబ్బన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదేనండీ, బటన్లు కనబడకపోవడం కాదు. రోజూ ఎక్కువగా వాడేవి ముందు వరసలో పెద్ద బొమ్మలతో ఉంటాయి, మిగతావి బాణం కింద ఉంటాయి. అలవాటైనవాళ్లకి అది హాయి. కొత్తవాళ్లకి మాత్రం ముందు కనిపించిందే సరైనదనిపిస్తుంది. నా దగ్గరకి వచ్చిన కొత్త పిల్లల మోడళ్లలో సగం తప్పులు ఫిక్స్‌డ్ సపోర్ట్ దగ్గరే. గోడలో పాతిన దూలానికి ఫిక్స్‌డ్ సరే. గాడిలో జారే షట్టర్‌కి ఎలా సరిపోతుంది? రిబ్బన్ ఏం చూపించినా ముందు ఆ షట్టర్ దేనికి ఆనుకుందో కళ్లతో చూసుండాలి.

లాకుల_సూరిబాబు
నేను కాలువల మీద ముప్పై ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. కంప్యూటర్ సంగతి నాకు రాదు, మా మనవడు ఈ చర్చ చదివి వినిపిస్తే రాయిస్తున్నాను. మంగతాయారు గారన్నది నూటికి నూరుపాళ్లు నిజం. షట్టర్ పక్క గాడిలో వదులుగా ఉంటుందమ్మా. వదులు లేకపోతే పైకి లేవదు. నీళ్లు నిండినప్పుడు ఒత్తిడికి గాడి వెనక అంచుకి వెళ్లి ఆనుతుంది, అంతే. నీళ్లు లేనప్పుడు చేత్తో కదిపితే లటలట ఆడుతుంది. అడుగున గుమ్మం మీద కూర్చుంటుంది. ఎక్కడా బిగించి ఉండదు. ఇంకో సంగతి, వెనక వైపు కూడా నీళ్లుంటాయి కదా. 3 మీటర్లూ ఒక వైపే ఉండి రెండో వైపు పూర్తిగా ఎండిపోయి ఉండడం అరుదు. కానీ నువ్వు ఆ కష్టకాలానికే లెక్క వేస్తున్నావు కాబట్టి అదే ఉంచు. సముద్రం దగ్గర మురుగు కాలువల మీద ఉండే షట్టర్లకైతే పోటు వచ్చినప్పుడు నీళ్లు వెనకనుంచి తోస్తాయి, వాటికి రెండు వైపులా చూడాలి.

ధవళేశ్వరం_07
సూరిబాబు గారన్న ఉప్పునీటి షట్టర్ ఎవరైనా చేస్తే సాంద్రత 1025 వేసుకోండి, 1000 కాదు.

భీమవరం_ఏరేటర్
సూరిబాబు గారూ, మీరు ఇంకా రాయించాలి. ఇలాంటి మాట ఏ నోట్సులోనూ దొరకదు.

వైనతేయ_తీరం
తాతగారూ, చాలా చాలా థ్యాంక్స్. నేను రోజూ ఆ షట్టర్ పక్కనుంచే కాలేజీకి వెళ్తాను, గాడిలో వదులుందని ఎప్పుడూ చూడలేదు. మంగతాయారు గారూ, మరి ఫిక్స్‌డ్ తీసేసి ఏం పెట్టాలి?

మెష్_మంగతాయారు
డిస్‌ప్లేస్‌మెంట్ పెట్టు, ఫిక్స్‌డ్ పక్కనే ఉంటుంది. రెండు పక్క అంచులకి, నీళ్లు తోసే దిశ ఒక్కటే సున్నా. మిగతా రెండు దిశలు ఫ్రీ అని వదిలెయ్యి. అడుగు అంచుకి ఇంకో డిస్‌ప్లేస్‌మెంట్, నిలువు దిశ మాత్రం సున్నా. ఇంకా అడ్డంగా జారిపోకుండా అడుగున ఒక మూల బిందువుని వెడల్పు దిశలో పట్టుకో, లేకపోతే సాల్వర్ మోడల్ జారిపోతోందని గొడవ చేస్తుంది. డీటెయిల్స్‌లో ఏదైనా గడి పసుపు రంగులో ఉంటే, ట్రీలో దాని పక్కన ప్రశ్నార్థకం ఉంటే, ఇంకా ఏదో నింపలేదని అర్థం. పచ్చ టిక్కు వచ్చేదాకా సాల్వ్ నొక్కకు.

చిన్నతెర_ల్యాప్‌టాప్
డీటెయిల్స్ అంటే గుర్తొచ్చింది, నాకు ఆ కింద పెట్టె పొరపాటున మూసుకుపోయింది. ఎక్కడా దొరకట్లేదు.

పాత_టూల్‌బార్
హోమ్ ట్యాబ్‌లో కుడి చివర లేఅవుట్ గుంపు, మేనేజ్ నొక్కి డీటెయిల్స్‌కి టిక్కు పెట్టు. అన్నీ కలగాపులగమైపోతే అక్కడే రీసెట్ లేఅవుట్ ఉంది. దీనికి రిబ్బన్ తప్ప వేరే దారి నేనూ వాడను.

కాకినాడ_క్యాడ్
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను ఈ పోస్టుని. పాత_టూల్‌బార్ గారు రిబ్బన్ వాడమన్నారు.

పాత_టూల్‌బార్
పెట్టుకోండి బాబూ. దాంతో పాటు ఇంకోటి కూడా రాసుకోండి. పైన కుడి మూల క్విక్ లాంచ్ అని వెతికే గడి ఒకటి ఉంటుంది. పేరు టైప్ చేస్తే బటన్ ఎక్కడుందో అదే చూపిస్తుంది. చాలామంది దాని వైపే చూడరు. ఈ అమ్మాయి రెండు రోజుల కష్టం ఆ గడిలో ఒక్క నిమిషంలో పోయేది.

స్టాడ్_రాజుగారు
స్టాడ్‌లో (బిల్డింగుల లెక్కల సాఫ్ట్‌వేర్) కూడా ఇంతే అయింది. పాత వెర్షన్ వీ8ఐలో ఎడమ పక్క నిలువు ట్యాబులు పైనుంచి కిందకి పని జరిగే వరసలో ఉండేవి, కనెక్ట్ ఎడిషన్‌లో పైన రిబ్బన్ వచ్చింది. నాకు ఒక నెల చేయి తిరగలేదు. నేను చేసిందల్లా ఒకటే, కట్టిన పాత బిల్డింగ్ ఒకటి, అంకెలన్నీ నాకు తెలిసినది, దాన్ని కొత్త వెర్షన్‌లో మొదటినుంచి మళ్లీ చేశాను. జవాబు తెలిసిన లెక్క కాబట్టి దృష్టంతా బటన్ల మీదే పెట్టగలిగాను. కొత్త లెక్క, కొత్త రిబ్బన్ ఒకేసారి ఎత్తుకుంటే ఎక్కడ తప్పామో తెలియదు. నోట్సు ఇచ్చే మాస్టార్లు కూడా ఆ జిరాక్సుని ఇప్పుడున్న వెర్షన్‌కి ఒకసారి తిరగరాస్తే పిల్లలకి ఎంత మేలో.

ధవళేశ్వరం_07
నోట్సు సంగతి నా మనసులో ఉన్నదే అన్నారు. మా ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. ప్రాజెక్టు కోసం గేటు బొమ్మ వేసుకుంటామని పిల్లలు వస్తూనే ఉంటారు, చాలామంది చేతిలో అదే తరహా పాత టూల్‌బార్ నోట్సు. ఈ చర్చలో చెప్పినవన్నీ వరసగా రెండు పేజీల్లో తెలుగులో టైప్ చేసి పెడతాను. మంగతాయారు గారూ, ట్రీలో నొక్కితే పైన ఏ ట్యాబ్ వస్తుందో ఆ భాగం మీరు ఒకసారి చూసి పెడతారా?

మెష్_మంగతాయారు
తప్పకుండా. ఆదివారం కూర్చుంటాను. సపోర్టుల భాగం కాస్త పెద్దగా రాయండి, సూరిబాబు గారి మాటలు ఆయన చెప్పినట్టే ఉంచండి.

వైనతేయ_తీరం
డిస్‌ప్లేస్‌మెంట్ పెట్టి మళ్లీ సాల్వ్ చేశాను. నీటి దిశలో రియాక్షన్ ముందు వచ్చిందే. వంగుడు 1.52 ఎంఎం. రాజుగారి 1.97 కంటే తక్కువ, 0.41కి దాదాపు నాలుగు రెట్లు. ట్రూ స్కేల్‌లో చూస్తే షట్టర్ నిటారుగా ఉంది, వంగినట్టే కనబడట్లేదు. రిపోర్టులో రెండు సపోర్టులతో వచ్చిన రెండు అంకెలూ పక్కపక్కన పెడుతున్నాను, తేడా ఎందుకొచ్చిందో కూడా రాస్తున్నాను.

స్టాడ్_రాజుగారు
బాగుంది. ఆ రెండు అంకెల పేజీయే నీ ప్రాజెక్టు. ఇంకొకటి, 10 ఎంఎం ప్లేటు అన్నావు, అది కొత్తగా ఉన్నప్పటి మందమా, ఇప్పుడున్న మందమా?

వైనతేయ_తీరం
పాత డ్రాయింగులోదండీ. ఇప్పుడెంతుందో తెలియదు. తుప్పు బాగానే ఉంది.

లాకుల_సూరిబాబు
ఇప్పుడు కాలువలకి నీళ్లు ఆపేశారు కదమ్మా, షట్టర్ అడుగు దాకా బయటే ఉంటుంది. లస్కర్‌ని (కాలువ కాపలా మనిషిని) అడిగి పగటి పూట వెళ్లు, ఒక్కదానివి వెళ్లకు. అడుగునుంచి మూర ఎత్తు వరకే కొలువు, తుప్పు తినేది అక్కడే, ఎప్పుడూ నీళ్లలో నానేది ఆ భాగమే. చీపురుపుల్లతో తుడిస్తే సరిపోదు, వైర్ బ్రష్‌తో పెచ్చులు రాలేదాకా గీకి అప్పుడు కొలువు. పెచ్చు మీద కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది.

వైనతేయ_తీరం
రేపు పొద్దున్నే మా నాన్నతో వెళ్తున్నాను తాతగారూ. ల్యాబ్‌లో వెర్నియర్ అడిగి తెచ్చుకున్నాను. వైర్ బ్రష్ పక్కింటి వెల్డింగ్ షాపులో ఇస్తామన్నారు. కొలతలు రాత్రికి ఇక్కడ పెడతాను.